రెండు సముద్రాల నడుమ మా వేసవి సెలవులు

బళ్ళారిని మ్యాపులో చూస్తే సముద్రం ఎక్కడో దూరాన ఉంటుంది. రైలు పట్టాల లెక్కన చూస్తే మాత్రం మాకు రెండు సముద్రాలు. పడమటికి పోయే బండి ఎక్కితే హొసపేట, కొప్పళ, గదగ, హుబ్బళ్ళి, లోండా దాటి, కనుమలు దిగి వాస్కో చేరతాం. అక్కడ అరేబియా సముద్రం. తూర్పుకు పోయే బండి ఎక్కితే గుంతకల్లు, డోన్, నంద్యాల, నల్లమల, మార్కాపురం, నరసరావుపేట మీదుగా గుంటూరు. అక్కణ్ణుంచి బంగాళాఖాతం ఎంతో దూరం లేదు. మీటరుగేజి రోజుల నుంచీ ఉన్న దారే ఇది, 1990లలో బ్రాడ్‌గేజి అయింది. అటు పోయినా ఇటు పోయినా మనం ఎక్కే బండి పేరు కూడా ఒకటే, అమరావతి ఎక్స్‌ప్రెస్.

ఇంత సదుపాయం ఉండీ ఇక్కడి తెలుగు కుటుంబాలు వేసవి వస్తే ఎక్కడికి పోతాయి? మంత్రాలయం, తిరుపతి, కాకపోతే పిల్లల అమ్మమ్మగారి ఊరు. ఎవరైనా చుట్టాలు దిగితే వాళ్ళను వెంటబెట్టుకొని హంపి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నంత కాలం ఇవి చాలు. పదమూడేళ్ళు దాటాక చాలవు. అప్పుడు వాళ్ళు మనతో రావడమే ఒక ఉపకారం అన్నట్టు ఉంటారు. టీనేజి పిల్లలున్న తల్లులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాను.

మా ఇంట్లో ఇద్దరు. అమ్మాయి పోయిన వేసవికి రెండో పీయూసీ పరీక్షలు రాసింది. ఆ తర్వాత ఇంజనీరింగుకు బెంగుళూరు పోతుందని అందరికీ తెలుసు. అబ్బాయి తొమ్మిదో తరగతి పూర్తి చేశాడు, మరుసటి ఏడు పదో తరగతి, అంటే ట్యూషన్ల ఏడు. నలుగురం కలిసి నాలుగు రోజులు ఎక్కడైనా గడిపే వీలు మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అందుకని ఫిబ్రవరిలోనే మా ఆయనా నేనూ అనుకున్నాం, ఈసారి సముద్రానికి పోదామని. మా ఆయనకు జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ ఉంది. ఆయన నాలుగు రోజులు షట్టరు దించడమంటే అదే పెద్ద విశేషం.

మా చిన్నప్పుడు ప్రయాణం సంగతి నాయన చెప్పేవారు, మేం సంచులు సర్దుకొనేవాళ్ళం. ఇప్పుడు అలా కుదరదు. అలా చేస్తే పిల్లలు వస్తారు గాని, మొహాలు ఫోన్లలో పెట్టుకొని వస్తారు. మా ఆడపడుచు కుటుంబం జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటుంది. వాళ్ళకూ ఈ వయసు పిల్లలే. వాళ్ళు ఒక వేసవిలో కారు వేసుకొని క్రొయేషియాకు, అడ్రియాటిక్ సముద్రతీరానికి వెళ్ళొచ్చారు. వెయ్యికి పైగా దీవులున్న తీరమట. మనలాగ ఇసుక తిన్నెలు తక్కువ, గులకరాళ్ళ ఒడ్డు ఎక్కువ. ఆటుపోట్లు కూడా బాగా తక్కువ. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో చేరింది గనుక సరిహద్దులో పాస్‌పోర్టులు చూపే పని కూడా లేకుండా పోయింది. అంత అందమైన చోటికి పోతూ కూడా వాళ్ళబ్బాయి మొదట అడిగింది గదిలో వైఫై ఉందా అనేనట!

ఆడపడుచు చెప్పిన సంగతుల్లో నాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, ఇంట్లో ప్రతి ఒక్కరూ తనకు తప్పకుండా కావలసింది ఒక్కటంటే ఒక్కటే చెప్పాలి, దానిమీద మిగిలినవాళ్ళు నోరెత్తకూడదు. రెండోది, కోరింది అక్కడ కుదురుతుందో లేదో కోరినవాళ్ళే ముందు కనుక్కోవాలి. వాళ్ళమ్మాయి క్రకా జాతీయవనంలోని జలపాతాల కింద ఈదుతానని కోరింది. తీరా చూస్తే 2021 నుంచి అక్కడ ఈత నిషేధమని తెలిసింది. ఇంట్లో ఉండగానే తెలిసింది గనుక వేరే చోటు వెదుక్కుంది, ఏడుపు తప్పింది. ఈ రెండు సూత్రాలూ మా ఇంట్లో అమలు పెట్టాను.

మా అమ్మాయి వారం తిరక్కుండా గోవాకు పూర్తి పథకం తయారు చేసింది. చెప్పకేం, మా బ్యాంకులో లోను కోసం వచ్చే ప్రాజెక్టు రిపోర్టులు కొన్ని అంత శ్రద్ధగా ఉండవు. ఏ బండి, ఎక్కడ దిగాలి, దక్షిణ గోవాలో ఏ తీరాన జనం తక్కువ, అద్దె ఎంత, అన్నీ రాసింది. దారిలో దూధ్‌సాగర్ జలపాతం ఏ వైపు కిటికీలోంచి కనబడుతుందో, ఏప్రిల్‌లో దాంట్లో నీళ్ళు పలచగా ఉంటాయన్న సంగతీ రాసింది. గోవా తీరాల్లో 2008 నుంచి దృష్టి అనే సంస్థ లైఫ్‌గార్డులు కాపలా ఉంటారు, ఎరుపు పసుపు జెండాల నడుమ మాత్రమే నీళ్ళలో దిగాలి, ఉత్త ఎర్రజెండా ఉంటే దిగనే కూడదు అని నాకోసం ప్రత్యేకంగా ఒక పేజీ. మొత్తం ఖర్చు 46,000 రూపాయలు. వానాకాలం వస్తుందన్న సాకు చెప్పడానికి కూడా వీల్లేదు, ఏప్రిల్ చివరి వారానికి రుతుపవనాలు ఇంకా దూరంలోనే ఉంటాయి.

మా ఇద్దరి మనసు మాత్రం తూర్పు వైపు ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంక అనుకున్నాం. ఎందుకు అంటే, సూటిగా చెబుతాను, పిల్లల తెలుగు కోసం.

ఆంధ్ర, తెలంగాణల బయట ఉన్న మనలో చాలామంది ఉద్యోగానికో వ్యాపారానికో ఊరు విడిచినవాళ్ళు. బళ్ళారి తెలుగువాళ్ళ కథ వేరు. మా మామగారి తరం వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, మిగతావి మైసూరులో కలిశాయి. బళ్ళారి తాలూకా ఎటు అన్నదాని మీద పెద్ద పెనుగులాట జరిగి, జస్టిస్ మిశ్రా విచారణ తర్వాత అదీ మైసూరుకే ఖాయమయింది. తెలుగు నాటకానికి బళ్ళారి రాఘవను ఇచ్చిన ఊరు, అటూ ఇటూ రెండు భాషలూ తగవు లేకుండా వీధిలో మాట్లాడుకొనే ఊరు. కన్నడం మాకు పరాయి భాష అని నేనెన్నడూ అనుకోలేదు. అది మా అన్నం పెట్టే భాష, మా పక్కింటి భాష. కానీ పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు, హిందీ. తెలుగు ఇంట్లో నోటిమాటగా మిగిలింది. మా ఇద్దరు పిల్లలకూ తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ పత్రిక ఇంటికి వస్తే కూడా బొమ్మలు చూసి పక్కన పెడతారు.

సూర్యలంక పేరెత్తగానే మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. సరదా ఉండదు, ఉక్కపోత, జనం అని ఏవేవో చెప్పింది. అసలు సంగతి రెండు రోజుల తర్వాత మావాడు బయటపెట్టాడు. "అమ్మా, అక్కకు గోవా మీద అంత ఆశేమీ లేదు. ఆంధ్రాకు పోయేకి ఇష్టం లేదు, అంతే."

ఆ "పోయేకి" అన్న మాటలోనే ఉంది కథంతా. మూడేళ్ళ కిందట నరసరావుపేట వైపు మా చుట్టాలింట పెళ్ళికి వెళ్ళాం. అక్కడ మా అమ్మాయి ఎవరితోనో "బజారుకు పోయేకి దుడ్లు కావాల" అన్నదట. ఈడు పిల్లలు చుట్టూ చేరి పకపకా నవ్వారు. డబ్బుల్ని దుడ్లు అంటుంది చూడండే అని ఒకరు, ఇది తెలుగా కన్నడమా అని ఒకరు. పెళ్ళి మూడు రోజులూ దానిచేత అదే మాట మళ్ళీ మళ్ళీ అనిపించారు. వాళ్ళకు అది ఆట. ఇది మాత్రం అప్పట్నుంచీ ఆ వైపు చుట్టాలతో ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. ఫోనులో పెద్దమ్మతో కూడా. అది సిగ్గుపడి అలా మాట్లాడుతోందని మేం అనుకుంటున్నాం. కాదు, పంతం. గోవాలో అయితే ఎవరి భాషా మనది కాదు, ఎవరూ నవ్వరు. దాని లెక్క అది.

ఇది విన్నాక నాకు సూర్యలంక కావాలని పట్టుబట్టబుద్ధి కాలేదు. బలవంతంగా తీసుకుపోతే ఆ అసహ్యం ఇంకా ముదురుతుంది. ఆంధ్రా బయట పెరిగిన పిల్లల్లో ఎంతమంది ఇలా ఒక్క నవ్వుకు భాషను మూటగట్టి అటక మీద పెట్టారో ఎవరు లెక్కపెట్టారు? ఇంగ్లీషు తప్పుగా మాట్లాడితే సర్దుకుపోయే మనవాళ్ళు, తెలుగు కాస్త వేరే యాసలో వినబడితే ఎందుకు అంత ఎగతాళి చేస్తారో నాకు అర్థం కాదు. "పోయేకి", "చేసేకి" అనంతపురం వైపు కూడా అనే మాటలే. "దుడ్డు" రాయలసీమంతా ఉంది. ఈ సంగతి దానికి చెప్పాను గాని, పదిహేడేళ్ళ పిల్లకు వ్యాకరణం చెప్పి ఓదార్చగలమా?

చిక్కు విప్పింది మా అత్తగారు. పిల్లలకు అవ్వ. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పుట్టింది రాయదుర్గం దగ్గర పల్లె. జిల్లా పంచినప్పుడు ఆమెకు ఆరేళ్ళు. పెళ్ళయి అత్తవారింటికి బళ్ళారి వచ్చేసరికి పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం. ఒక రాత్రి భోజనాల దగ్గర మేం గోవా, సూర్యలంక అని వాదించుకొంటుంటే ఆమె మజ్జిగన్నం కలుపుకొంటూ, "నేను సముద్రం చూడనే లేదు గదమ్మా. తుంగభద్ర డ్యాము నిండినప్పుడు చూసినా. అంతుంటాదా సముద్రం?" అని అడిగింది.

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ సంగతి మా ఆయనకూ తట్టలేదు. మర్నాడు పొద్దున మా అమ్మాయే వచ్చి చెప్పింది. "అవ్వ వస్తే గోవా వద్దు. అక్కడ అవ్వ ఎవరితో మాట్లాడుతుంది? రోజంతా గదిలో కూర్చోవాల." కాస్త ఆగి, "కానీ చుట్టాలిండ్లకు నేను రాను" అంది. ఒప్పుకున్నాం. ఎవరింట్లోనూ దిగకూడదు, వచ్చిన సంగతి తిరిగి వచ్చాకే చెప్పాలి. ఇది దాని ఒక్క కోరిక. మావాడి కోరిక రొయ్యలు. మా ఆయన కోరిక మధ్యాహ్నం పూట ఎవరూ లేపకుండా నిద్ర. అవ్వ కోరిక సూర్యుడు నీళ్ళలోంచి రావడం చూడటం. నా కోరిక చివర చెప్పాను, మావాడు తెలుగు చదవడం నేర్చుకోవాలని. "అది ట్రిప్పు కాదు, ట్యూషను" అన్నాడు గాని, నియమం నియమమే.

ఇక ఏర్పాట్లు. మనలాంటి సరిహద్దు ఊళ్ళవాళ్ళకు మొదటి తలనొప్పి రెండు రాష్ట్రాల క్యాలెండర్లు. కర్ణాటకలో బడులకు ఏప్రిల్ రెండో వారంలోనే సెలవులిస్తారు, మే చివర్లో తెరుస్తారు. ఆంధ్రలో ఏప్రిల్ చివర్న మొదలై జూన్ దాకా ఉంటాయి. అమ్మాయికి సీఈటీ పరీక్ష ఏప్రిల్ మధ్యలో. ఎండ సంగతి చూస్తే కోస్తాలో రోహిణీకార్తె, అంటే మే 25 తర్వాత, ముసలివాళ్ళను తీసుకుపోవడం మంచిది కాదు. బళ్ళారి ఎండ పొడి ఎండ, నీడలోకి వస్తే తెరిపి. తీరంలో చెమట ఆరదు. ఇవన్నీ కూడి, తీసివేసి ఏప్రిల్ చివరి వారం ఖాయం చేశాం.

రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే. 2024 నవంబరు 1కి ముందు 120 రోజులు ఉండేది, అది మరచిపోండి. వేసవిలో ఆ అరవయ్యో రోజు పొద్దున్నే కూర్చుంటేనే బెర్తులు. పెద్ద వయసు వారికి కింది బెర్తు కోటా ఉంది, టికెట్టు తీసేటప్పుడు వయసు సరిగ్గా వేయాలి. ఛార్జీలో రాయితీ మాత్రం 2020 మార్చిలోనే ఎత్తేశారు. అవ్వ మోకాళ్ళను తలచుకొని, బస కూడా సముద్రం ఒడ్డున కాకుండా బాపట్ల ఊళ్ళోనే తీసుకున్నాం. సూర్యలంక తీరాన పర్యాటక శాఖ వారి రిసార్టు ఉన్నా, మందుల షాపు, టిఫిను, డాక్టరు ఊళ్ళోనే దగ్గర. తీరానికి తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు.

మావాడి రొయ్యల మీద వాడే విచారణ జరిపాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక. పడమటి తీరంలో ఆ నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అంటే మనం పోయే రోజుల్లో సముద్రపు చేప కొరత. చిన్న నాటుపడవలవాళ్ళు తెచ్చేది కొంచెం దొరుకుతుంది. రొయ్యలకు మాత్రం లోటు లేదు, అవి చెరువుల్లో పెంచేవి. ఈ సమాచారంతో వాడు ఎంత తృప్తి పడ్డాడో చెప్పలేను.

తెలుగు చదువు సంగతి ఇంకా తేలిగ్గా జరిగింది. ఇది కర్ణాటకలో ఉన్న ప్రతి తెలుగు తల్లికీ చెప్పాలి. కన్నడ లిపీ తెలుగు లిపీ ఒక తల్లి పిల్లలు, పాత శాసనాల్లో రెంటికీ ఒకటే లిపి. కన్నడం చదివే పిల్లవాడికి అ, గ, న, ర, ద లాంటివి చూడగానే తెలిసిపోతాయి. తలకట్టు ఒక్కటి మనది పైకి టిక్కు పెట్టినట్టుంటుంది, వాళ్ళది పక్కకు వంగుతుంది. క, త దగ్గర తడబడతారు, ఒత్తుల్లో కొన్ని తేడాలు. మావాడికి రోజుకు ఇరవై నిమిషాల లెక్కన మూడు వారాలు పట్టింది. పుస్తకం కొనలేదు. కన్నడ అక్షరం ఎదురుగా తెలుగు అక్షరం రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాను. పాలకోసం తలుపు తీసినప్పుడల్లా చూశాడు. మధ్యలో మా అమ్మాయి కూడా చూడటం గమనించాను, ఏమీ అనలేదు.

సముద్రం గురించి మాత్రం మా ఆయన ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టి చెప్పాడు. మాది నీళ్ళు తక్కువ ఊరు. పిల్లలు ఈత నేర్చింది కొలనులో. కొలను నీళ్ళు కదలవు, సముద్రం కదులుతుంది. ఒడ్డుకు కొట్టిన అలల నీళ్ళన్నీ ఏదో ఒక పాయగా చేరి వేగంగా లోపలికి తిరిగి పోతాయి. ఆ పాయ ఉన్నచోట అలలు విరగవు, పైకి నిమ్మళంగా కనబడుతుంది. తెలియనివాళ్ళు ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. అది లాగితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. తీరం వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రావాలి. చేతకాకపోతే నీళ్ళమీద తేలుతూ చెయ్యి ఎత్తి కేకవేయాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకూడదు, తాడో ఖాళీ క్యానో విసరాలి, తీరంలో ఉండే గజ ఈతగాళ్ళను పిలవాలి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ. ఇవి విని మా అమ్మాయి మా అందరికీ ఒకటే చట్టం చేసింది, నడుం లోతు దాటితే మిగిలిన రోజులు ఒడ్డునే కూర్చోవాలి. నాన్నకు కూడా.

బండి సాయంకాలం బళ్ళారిలో ఎక్కాం. ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగు కట్టుకున్నాం. హగరి వంతెన దాటి ఆంధ్రలో ప్రవేశించాక మావాడికి పని మొదలయింది. ప్రతి స్టేషన్లో ఇంగ్లీషు బోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని తెలుగు చదవాలి. గుంతకల్లు దగ్గర తడబడ్డాడు. డోన్ ఒక్క క్షణంలో చెప్పాడు. దీపాల కింద నంద్యాల చదివి, అక్కణ్ణుంచి నిద్రపోయాడు. నల్లమల బోగదాలు నిద్రలోనే దాటిపోయాయి. చీకటి ఉండగానే గుంటూరులో దిగి కారు మాట్లాడుకొని బాపట్ల చేరాం.

రెండో రోజు తెల్లవారుజామున అవ్వ కోరిక. టీనేజి పిల్లలు అయిదింటికి లేవడం మా ఇంటి చరిత్రలో లేదు, ఆ రోజు లేచారు. ఆరు కాకముందే నీళ్ళ అంచున ఎర్రగా వచ్చింది. అవ్వ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, మనవడి భుజం పట్టుకొని పాదాల లోతులో నిలబడింది. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "గట్టే లేదు గదప్పా దీనికి" అంది.

ఒడ్డున మత్స్యకారుల ఆవిడ ఒకామె బుట్ట పక్కన పెట్టుకొని కూర్చుని ఉంది. అవ్వ ఆమెతో మాటలు కలిపింది. "ఏ ఊరు మామ్మగారూ మీది? యాస వేరేగా ఉందే" అంది ఆమె. "బళ్ళారి." "అది కర్ణాటక కదండీ, మరి తెలుగెట్లా వచ్చింది?" ఇక చూడాలి! ఆంధ్ర రాష్ట్రం దగ్గర మొదలుపెట్టి, రాయదుర్గం, తన పెళ్ళి, తన నాయన బళ్ళారి కోర్టుకు ఎడ్లబండిలో పోయిన సంగతి, అన్నీ చెప్పింది. ఆవిడ కూడా ఊరుకోలేదు. అవ్వ అన్న సగం మాటలకు నవ్వి, "మళ్ళీ అనండి" అని అడిగింది. అవ్వ ఆవిడ మాటలకు నవ్వింది. "అట్లంటారా మీరు? మేం ఇట్లంటాం." మా అమ్మాయి పక్కనే కూర్చుని వింటోంది. కాసేపటికి అవ్వకు వినబడని మాటలు తానే అందించడం మొదలుపెట్టింది. తెలుగులో. "పోయేకి" కూడా వచ్చింది మధ్యలో. నేను అటు తిరిగి చెప్పులు వెదుక్కుంటున్నట్టు నటించాను.

దీన్నిబట్టి అంతా మారిపోయిందని నేననను. తిరిగి వచ్చాక పెద్దమ్మ ఫోనులో, బాపట్లదాకా వచ్చి మా ఇంటికి రాలేదేమని నిష్ఠూరమాడితే, మా అమ్మాయి జవాబు ఇంగ్లీషులోనే చెప్పింది.

బాపట్లలో ఒక సంగతి మా ఆయన పిల్లలకు చెప్పాడు, మీకూ చెబుతాను. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలన్న మాట మొదటి ఆంధ్ర మహాసభలో చర్చకు వచ్చింది ఈ ఊళ్ళోనే, 1913 మే నెలలో, బి.ఎన్. శర్మగారి అధ్యక్షతన. నలభై ఏళ్ళకు ఆ రాష్ట్రం వచ్చింది, అది వచ్చినప్పుడే బళ్ళారి అవతల పడింది. "అంటే మనల్ని విడగొట్టింది ఈ ఊరా?" అని మావాడు అడిగాడు. అంత మాట అనలేం. భావనారాయణస్వామి గుడి ముందు నిలబడి ఆ మాటకు జవాబు వెదకడం మా ఆయనవల్ల కాలేదు. గుడి వీధి బోర్డులన్నీ వరసగా చదువుతూ పోయాడు మావాడు, సోడా కొట్టు దగ్గర్నుంచి వ్యవసాయ కళాశాల దాకా.

మూడోరోజు చీరాల వెళ్ళి నేత చీరలు చూశాం. రెండు కొన్నాం, ఒకటి అవ్వకు. అయిదుగురికి మూడు రాత్రుల బస, రైలు, ఆటోలు, తిండి, రొయ్యలు కలిపి 29,000 చిల్లర అయింది. చీరలు ఈ లెక్కలో లేవు, వాటి ధర మా ఆయన అడగలేదు.

అమ్మాయి ఇప్పుడు బెంగుళూరు హాస్టల్లో ఉంది. గోవా ఫైలు నా అలమరలో భద్రంగా ఉంది. మొన్న అవ్వ అడిగింది, సూర్యుడు నీళ్ళలోకి దిగిపోయే సముద్రం ఇంకొకటి ఉందటగా, ఆ బండిలో కూడా కింది బెర్తు ఇస్తారా అని. అరవై రోజుల ముందు చూడాలి.